అయస్కాంతంతో నరాల వైద్యం: నాన్నగారికి చేయించవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారికి 66 ఏళ్ళు. మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమస్తాగా చేసి మానేశారు. 17 ఏళ్ళుగా షుగరు ఉంది. రెండేళ్ళ నుంచి అరికాళ్ళు మంటలు. "మిరపకాయలు నూరి పూసినట్టుందే" అంటారు. రాత్రిళ్ళు నిద్ర లేదు. ఇంకోపక్క, కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. షుగరుకి మెట్‌ఫార్మిన్, ఇంకో మాత్ర, పరగడుపున గ్యాస్ మాత్ర, మంటకి రాత్రిపూట ప్రెగాబలిన్ వేసుకుంటారు. నానమ్మ పోయాక నీచు మానేశారు, పాలూ పెరుగూ కూడా అంతంతమాత్రమే. కిందటేడు నరాల పరీక్ష చేయిస్తే ఆ కరెంటు షాకులకి బెదిరిపోయి, మళ్ళీ ఆ గుమ్మం తొక్కనంటున్నారు. విజయవాడలో ఒక సెంటర్‌లో అయస్కాంతంతో నరాలకు చికిత్స చేస్తామన్నారు. 24 సిట్టింగులు, 36 వేల రూపాయలు. నొప్పి ఉండదట, నెలలో నరాలు మళ్ళీ మొలుస్తాయట, మాత్రలన్నీ మానేయవచ్చట. అమెరికా ప్రభుత్వ ఆమోదం ఉందని కరపత్రంలో వేశారు. బాబాయి అయస్కాంతాలున్న చెప్పులు కొనిచ్చారు, అవీ తొడుగుతున్నారు. అమ్మ రోజూ రాత్రి ఉప్పుమూటతో కాపడం పెడుతోంది. సెంటర్‌కి తీసుకెళ్ళమంటారా? నరాల పరీక్ష కూడా అయస్కాంతంతోనే చేయించుకోవచ్చా?
— ఒక కూతురు, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు అడిగినదాని కంటే ముందు మీరు అడగనిదానికి జవాబు చెప్తాను. ఈ రాత్రి నుంచే ఉప్పుమూట కాపడం ఆపించండి. అమ్మగారు ప్రేమతోనే పెడుతున్నారు, అందులో అనుమానం లేదు. కానీ చెప్పు జారిపోయినా తెలియని కాలికి, మూట ఎంత వేడిగా ఉందో కూడా తెలియదు. "ఇంకా కొంచెం వేడి కావాలి" అని ఆయనే అడుగుతారు. చర్మం కాలుతున్నా అడుగుతూనే ఉంటారు.

నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన వైశాఖమాసం ఎండలో, మిట్టమధ్యాహ్నం, మంగళగిరి కొండమెట్లు చెప్పుల్లేకుండా ఎక్కి దిగారు. పక్కవాళ్ళు గంతులేస్తూ నీడకి పరిగెత్తుతుంటే, ఆయన మాత్రం "స్వామి దయ, నాకేం వేడి తగల్లేదు" అని మురిసిపోయారట. ఇంటికొచ్చాక తుడిచిన గచ్చు మీద తడి అడుగులు కనిపిస్తే, కాళ్ళు కడుక్కుని వచ్చారనుకున్నారు ఆయన భార్య. అది నీళ్ళు కాదు. బొబ్బలు చిట్లి కారిన రసి. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత చర్మం లేచిపోయింది. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. వేలు దక్కింది, అదే పదివేలు.

ఈ సంగతి ముందు చెప్పడానికి కారణం ఉంది. మీ నాన్నగారి కాళ్ళలో రెండు బాధలున్నాయి. ఒకటి మంట. రెండోది తిమ్మిరి, అంటే స్పర్శ పోవడం. మంట నిద్ర చెడగొడుతుంది కాబట్టి ఇల్లంతా దాని గురించే మాట్లాడుకుంటుంది. తిమ్మిరి చప్పుడు చేయదు, కాలు పోగొట్టేది మాత్రం అదే. సెంటర్‌వాళ్ళు ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నారు. మంట తగ్గడం వేరు, నరం బాగుపడడం వేరు.

ఇక అయస్కాంతం సంగతి. ఇది బూటకం కాదు. నిజమైన శాస్త్రమే, పాతదే. మీ చిన్నప్పుడు ఇంట్లో సైకిలుకి డైనమో ఉండే ఉంటుంది. దాని లోపల ఉన్నది ఒక అయస్కాంతమూ, ఒక తీగచుట్టా. తొక్కుతున్నంతసేపే లైటు వెలుగుతుంది. స్టాండు వేసి నిలబెడితే అయస్కాంతం అక్కడే ఉన్నా లైటు వెలగదు. మారుతున్న అయస్కాంతక్షేత్రమే కరెంటును పుట్టిస్తుంది, కదలకుండా ఉన్నది పుట్టించదు. 1831లో ఫారడే కనిపెట్టింది ఇదే. నరాల వైద్యంలో వాడే యంత్రమూ ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. పెట్టెలో కరెంటును నింపి ఉంచే ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. అది నిండాక మీట నొక్కితే కొన్ని వేల ఆంపియర్ల కరెంటు తీగచుట్టలోంచి ఒక్కసారిగా దూసుకుపోతుంది. సెకనులో పదివేలో వంతు సమయంలో, ఆ తీగచుట్ట, అంటే కాయిల్, దగ్గర ఒకటి రెండు టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) క్షేత్రం లేచి పడిపోతుంది. భూమి అయస్కాంత బలానికి అది కొన్ని పదుల వేల రెట్లు. ఆ లేచి పడడం వల్ల చర్మం కింద ఉన్న నరంలో చిన్న కరెంటు పుడుతుంది, నరం పలుకుతుంది.

మొదటిసారి దీన్ని నేను నా మోచేతి మీదే పెట్టించుకున్నాను. మోచేయి తలుపుకి తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది చూడండి, ఆ నరం మీదే. కాయిల్ చపాతీ పీటంత ఉంటుంది, ఎనిమిది అంకె ఆకారంలో రెండు చుట్లు. చొక్కా చెయ్యి కూడా మడవలేదు. టప్‌మని చెక్క మీద సుత్తి పడ్డట్టు చప్పుడు, దాంతోపాటే చిటికెన వేలూ ఉంగరపు వేలూ నేను చెప్పకుండానే ఎగిరిపడ్డాయి. నొప్పి లేదు, ఎవరో తట్టినట్టుంది అంతే. మామూలు కరెంటు పరీక్షలో కరెంటు చర్మంలోంచి దూరి వెళ్ళాలి కాబట్టి చర్మంలోని నొప్పి తెలిపే సన్నటి తంతువులు మండిపోతాయి. అయస్కాంతానికి చర్మం, బట్ట, ఎముక ఏవీ అడ్డం కావు. "నొప్పి ఉండదు" అని సెంటర్‌వాళ్ళు చెప్పినది చాలామట్టుకు నిజమే.

అందుకే మీ రెండో ప్రశ్న సబబైనది: నరాల పరీక్ష కూడా దీంతోనే చేస్తే పోలా? 1965లో బిక్‌ఫోర్డ్, ఫ్రెమింగ్ అనే ఇద్దరు అయస్కాంతంతో మనుషుల చేతి నరాలను కదిలించి చూపించారు. 1982లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో బార్కర్ బృందం దానికి పనికొచ్చే యంత్రం తయారుచేసింది. మూడేళ్ళకు, 1985లో, అదే బృందం మెదడు మీద పెట్టి చెయ్యి కదిలించేసరికి లోకమంతా మెదడు వైపు పరిగెత్తింది. మొదట పలికింది మాత్రం చేతులూ కాళ్ళ నరాలే. అయినా ఇప్పటికీ నరాల పరీక్షకు కరెంటే వాడుతున్నాం. ఎందుకో చెప్తాను.

మీ నాన్నగారికి ఆ రోజు ఏం చేశారో గుర్తు చేసుకోండి. లోపలి చీలమండ వెనక ఒకసారి, మోకాలి వెనక ఒకసారి షాకు ఇచ్చారు. పాదంలో కండ ఎప్పుడు అదిరిందో యంత్రం రెండుసార్లూ రాసుకుంది. తర్వాత టెక్నీషియన్ టేపు పెట్టి ఆ రెండు చోట్ల మధ్య దూరం కొలిచారు. దూరాన్ని సమయాల తేడాతో భాగిస్తే నరంలో కబురు ఎంత వేగంగా నడుస్తోందో వస్తుంది. బాగున్న కాలి నరంలో సెకనుకు 40 మీటర్లు దాటుతుంది. కరెంటు షాకులో ఏ చోట నరం పలికిందో మనకు ఖచ్చితంగా తెలుసు. అంత పెద్ద కాయిల్ పెట్టినప్పుడు దాని కింద నరం ఏ చోట పలికిందో తెలియదు. టేపు ఎక్కడి నుంచి పట్టాలి? దానికితోడు, నరంలోని తంతువులన్నీ పలికాయో కొన్నే పలికాయో కూడా చాలాసార్లు తేలదు. వైద్యానికి నొప్పి లేకపోవడం సుగుణమే, కానీ పరీక్షకు కొలత ముఖ్యం. కరెంటుకి అందని లోతైన నరాల దగ్గర మాత్రం అయస్కాంతానిదే పైచేయి. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం కండరాన్ని నడిపే నరం, వెన్ను దగ్గర నరాల మొదళ్ళు, పుర్రె లోపల ముఖపు నరం, ఇలాంటి చోట్ల.

మీకు నేను చెప్పగలిగే మంచి కబురు ఏమిటంటే, నాన్నగారికి ఆ పరీక్ష మళ్ళీ అవసరం పడకపోవచ్చు. షుగరు వల్ల రెండు పాదాలూ సమంగా, వేళ్ళ నుంచి మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకే తిమ్మిరిని డాక్టరు చేత్తో చూసే గుర్తుపట్టగలరు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం ఒకటి అరికాలికి ఆనించి "తెలుస్తోందా?" అని అడుగుతారు. సెకనుకు 128 సార్లు అదిరే ట్యూనింగ్ ఫోర్కు మోగించి బొటనవేలి ఎముక మీద పెడతారు. చీలమండ వెనక సుత్తితో కొడతారు. ఈ మూడింటిలో షాకు అనే మాటే లేదు. పైగా మంట పుట్టించే సన్నటి తంతువులు కరెంటు పరీక్షకు దొరకవు. ఆ రిపోర్టు బాగుందని వచ్చినంత మాత్రాన మంట అబద్ధం కాదు. ఒక కాలే పడిపోతున్నా, చేతులకు ముందు వచ్చినా, కొన్ని వారాల్లోనే పెరిగిపోయినా అప్పుడు మాత్రం కరెంటు పరీక్ష తప్పదు. నాన్నగారికి ఆ మాట మీరే నెమ్మదిగా చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు చికిత్స. కాయిల్‌ను చీలమండ వెనకో, మోకాలి పక్కనో పెట్టి నరాన్ని పదేపదే పలికించడం వల్ల కొందరికి మంట తగ్గుతుంది. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటాం కదా, స్పర్శ కబురు వెన్నులోకి ముందు చేరి నొప్పి కబురుకి దారి ఇరుకు చేస్తుంది. అయస్కాంతం లావాటి స్పర్శ తంతువులను పలికిస్తుంది కాబట్టి అదే దారిలో పనిచేస్తుందని ఒక వివరణ. షుగరు వల్ల వచ్చే కాళ్ళ నొప్పికి ఇలాంటి ఒక యంత్రానికి, అమెరికాలో మందులకూ వైద్య యంత్రాలకూ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఈమధ్య సంవత్సరాల్లో అనుమతి ఇచ్చిన మాట నిజం. కానీ ఆ అనుమతి ఒక కంపెనీ తయారుచేసిన ఒక యంత్రానికి, ఒక వాడకానికి ఇచ్చేది. కాయిల్ ఉన్న ప్రతి పెట్టెకీ వర్తించదు. 2008లో డిప్రెషన్‌కు ఇచ్చిన అనుమతిని చూపించి మోకాళ్ళ నొప్పికీ కాళ్ళ మంటకీ వాడేసుకునే కరపత్రాలు నేను చూశాను. ఇక ఈ వైద్యం మీద జరిగిన పరిశోధనలు చిన్నవి, కొన్ని నెలల వరకు చూసినవి. ఒకవైపు నిజం కాయిల్, ఒకవైపు ఉత్తుత్తి కాయిల్ పెట్టి పోల్చుదామంటే, వేళ్ళు ఎగరకపోతే రోగికి ఇట్టే తెలిసిపోతుంది. అదో చిక్కు. కాబట్టి మంట తగ్గవచ్చు, కొందరికి. అంతవరకే నేను ఒప్పుకుంటాను.

"నరాలు మొలుస్తాయి" అన్నది మాత్రం ఒప్పుకోను. తెగిన నరం, అన్నీ అనుకూలిస్తే, రోజుకు ఇంచుమించు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. నెలకు 3 సెంటీమీటర్లు. కాలివేళ్ళకు వెళ్ళే నరం నడుము దగ్గర మొదలవుతుంది, మీటరు పొడవు. పైగా షుగరులో నరం ఒకచోట తెగడం కాదు, చివరి నుంచి ఎండుతూ వస్తుంది. కొబ్బరాకు కొస నుంచి ఎండినట్టు. లోపల షుగరు అలాగే ఉంటే, బయట నుంచి ఎన్నిసార్లు తట్టినా ఆకు పచ్చబడదు. మాత్రలు మానేయమన్నది ఇంకా ప్రమాదం. షుగరు మాత్రలు ఆపితే ఎండడం ఇంకా వేగమవుతుంది. ప్రెగాబలిన్ ఉన్నట్టుండి మానేస్తే చెమటలు, నిద్రలేమి, కలవరం వస్తాయి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలే తప్ప సిట్టింగు మీద నమ్మకంతో మానకూడదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది. నానమ్మ పోయాక నీచు మానేశారు, పాలూ పెరుగూ అంతంతమాత్రమే అన్నారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే ఒంట్లో బి12 విటమిన్ తగ్గుతుంది. రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర కూడా దాన్ని తగ్గిస్తుంది. బి12 దొరికేది మాంసం, చేప, గుడ్డు, పాలలో. కూరల్లో, పప్పులో ఉండదు. మూడు దారులూ ఆయనకి ఒక్కసారే మూసుకుపోయాయి. బి12 తక్కువైతే కాళ్ళు అచ్చంగా ఇలాగే మండుతాయి, తిమ్మిరెక్కుతాయి, చీకట్లో అడుగు తూలుతుంది. అంతా షుగరు ఖాతాలో రాసేసి అసలు దొంగను వదిలేస్తూ ఉంటాం. 36 వేలు తీయడానికి ముందు ఒక్క రక్తపరీక్ష చేయించండి. దాంతోపాటు మూడు నెలల షుగరు, థైరాయిడ్, కిడ్నీల కోసం క్రియాటినిన్. రక్తం ఇచ్చేదాకా మందులషాపులో "నరాల బలానికి" అని ఇచ్చే మాత్రలు మొదలుపెట్టకండి, రిపోర్టు తారుమారవుతుంది. ఆ మాత్రల్లో కొన్నిటిలో బి6 మోతాదు ఎక్కువ ఉంటుంది, ఏళ్ళ తరబడి వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. బి12 తక్కువని తేలితే ఇంజెక్షన్లు ఉన్నాయి, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. మెట్‌ఫార్మిన్ ఆపనక్కర్లేదు. ఇవన్నీ మన గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో న్యూరాలజీ (నరాల వైద్యం) విభాగంలో చూపించుకోవచ్చు, విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల దాకా పోనక్కర్లేదు.

ఇవన్నీ చూశాక కూడా మంట లొంగకపోతే, మీ డాక్టరుగారు కూడా సరేనంటే, అయస్కాంతం ప్రయత్నించడంలో తప్పులేదు. అప్పుడు సెంటర్‌లో గమనించాల్సినవి చెప్తాను. కాయిల్ పెట్టినప్పుడు కాలి వేళ్ళు కదలాలి, టప్ టప్‌మని శబ్దం రావాలి. పరుపు మీద పడుకోబెట్టి ఏమీ తెలియకుండా అరగంట ఉంచి పంపిస్తే అది నేను చెప్పిన యంత్రం కాదు. చెవుల్లో దూది కాదు, ఇయర్‌ప్లగ్గులు ఇవ్వాలి. పడుకోబెట్టడానికి ముందు పేస్‌మేకర్ ఉందా, చెవిలోపల మిషను ఉందా, ఇన్సులిన్ పంపు ఉందా, ఒంట్లో ఎక్కడైనా లోహపు క్లిప్పులో ప్లేట్లో ఉన్నాయా అని అడగాలి. ఆ ప్రశ్న అడగకుండానే డబ్బు కట్టించుకునే చోట నేనైతే మా ఇంటివాళ్ళను పడుకోబెట్టను. 24 సిట్టింగులకీ ఒకేసారి కట్టకండి. నాలుగైదు చూసి, రాత్రి మంట పదికి ఎంత ఉందో మీరే క్యాలెండరు మీద రోజూ రాస్తూ ఉండండి. ఆరు నుంచి మూడుకి దిగితే కొనసాగించండి. ఆరు ఆరుగానే ఉంటే మిగతా డబ్బు మంచి చెప్పులకు పనికొస్తుంది.

మంటకు మందుల్లోనూ ఇంకా దారులున్నాయి. ప్రెగాబలిన్ ఒకటే కాదు, డులాక్సెటిన్ ఉంది, అమిట్రిప్టిలిన్ ఉంది. వయసు, కిడ్నీలు, గుండె చూసి డాక్టరు మార్చగలరు. ఇంకొకటి చెప్తే మీ నాన్నగారు నమ్మరేమో. జీవితమంతా ఆయన లెక్కలు రాసిన ఆ మిరపకాయలోని ఘాటు, క్యాప్సైసిన్, ఈ మంటకి మందు. దానితో పరిశోధన చేసి, నొప్పినీ వేడినీ నరం ఎలా పసిగడుతుందో కనిపెట్టారు, ఆ పనికి 2021లో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి నోబెల్ వచ్చింది. క్రీముగా పూస్తే ముందు మండి, వాడగా వాడగా ఆ తంతువుల నోరు కట్టేస్తుంది. డాక్టరు రాస్తేనే, పగలని చర్మం మీదే, పూశాక చేతులు సబ్బుతో కడుక్కుని. ఇంట్లో కారం నూరి పూసే సాహసం మాత్రం ఎవరూ చేయకూడదు.

చివరగా బాబాయిగారి చెప్పులు. సైకిలు స్టాండు వేసి ఉన్నప్పుడు డైనమో సంగతి చెప్పాను కదా, ఆ చెప్పుల్లోని అయస్కాంతాలూ అంతే, కదలకుండా ఉన్నవి. ఎం.ఆర్.ఐ. గుహలో 1.5 టెస్లా అయస్కాంతం మధ్య అరగంట పడుకున్నా ఆ నిలకడ క్షేత్రానికి ఒక్క నరమూ పలకదు. టకటకమని మోగే చుట్లు క్షేత్రాన్ని గబగబా మార్చినప్పుడే కొందరికి ఒంట్లో అదురు తెలుస్తుంది. అలాంటిది చెప్పులోని బిళ్ళలు ఏం చేయగలవు? మేలు చేయకపోతే పోనీ అనుకునేదాన్నే, కానీ ఆ చెప్పుల్లో బిళ్ళలూ గుబ్బలూ పైకి లేచి ఉంటాయి. స్పర్శ లేని అరికాలికి అవి రోజంతా ఒత్తుకుంటే లోపల గుల్లబారి పుండవుతుంది. వాటిని తీసేసి, వెనక పట్టీ ఉన్న ఎం.సి.ఆర్. (ఒక రకం మెత్తటి రబ్బరు) చెప్పులు కొనండి, ఇంట్లో కూడా అవే తొడగనివ్వండి. ఆనెలుంటే బ్లేడు పెట్టనివ్వకండి. స్నానం నీళ్ళు అమ్మగారు మోచేత్తో చూసి ఇవ్వాలి.

ఈ రాత్రి భోజనాలయ్యాక నాన్నగారిని మంచం మీద పడుకోబెట్టి, టార్చి వేసి, రెండు అరికాళ్ళూ, వేళ్ళ సందులూ మీరే చూడండి. ఆ బిళ్ళల అచ్చులు ఎర్రగా కనిపిస్తే చెప్పులు తీసేశాక రెండు రోజుల్లో పోవాలి. పుండు గానీ, నల్లమచ్చ గానీ, ఒక పాదం రెండోదానికంటే వెచ్చగా ఉబ్బినట్టు గానీ ఉంటే, రక్తపరీక్షల కోసం ఆగకుండా రేపు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, నడిపించకుండా.